నాలుగు రోజుల చమురు

నర్సింగం సాక్ష్యం చెప్పడానికి వస్తానన్నాడు. మూడింటికి లోపలికి పిలుస్తారంటే, రెండున్నరకల్లా మెట్ల దగ్గర ఉంట వదినా అని నిన్న ఫోనులో ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఆ రెండోసారి అనకపోయి ఉంటే వినోదకు ఇంత గుబులు ఉండేది కాదు. సూరత్‌లో విచారణ జరిగే ఆ ఆఫీసు వరండాలో గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. బయట వాన, అఠ్వా రోడ్డు మీద నీళ్ళు చిమ్ముకుంటూ పోయే బస్సులు, కిటికీ రెక్క సరిగ్గా మూసుకోక బల్ల చివర తడుస్తోంది. ఆమె ఇవతలికి జరిగి కూర్చుంది, తలుపు కనబడదేమోనని మళ్ళీ అవతలికి జరిగింది. ఆ తలుపు వెనక ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఫిబ్రవరిలో సముద్రంలో ఎంత చమురు పడిందో తేలుస్తున్నారు. ఐదు నెలల నుంచి తేలుస్తున్నారు. డుమస్‌కు ఎదురుగా లంగరేసిన ఓడ అడుగు చిట్లి చమురు కారింది, కారిందన్న మాట అందరూ ఒప్పుకుంటారు, ఎంత అన్న దగ్గరే పేచీ. ఓడ కంపెనీ వాళ్ళు నలభై టన్నులంటారు. తమ వైపు మాట్లాడే మౌక్తిక మేడం మూడు వందల ఇరవై అంటుంది. టన్ను అంటే ఎంతో వినోదకు చాలా రోజులు తెలియలేదు, తాముండే బమ్రోలిలో నూలు లారీ దిగేటప్పుడు హమాలీల నోట విన్న మాట అది. ఆమె పనంతా చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరించడం, అక్కడ దేన్నీ టన్నుల్లో చెప్పరు. ఇప్పుడు ఆ రెండు అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నలభై టన్నులే అయితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన చమురును నాలుగు రోజుల్లో ఎత్తేయొచ్చట, ఎత్తేశారట, ఐదో రోజు నుంచి డుమస్‌లో పనే లేదట. ఆమె భర్త లింగం చచ్చిపోయింది పదకొండో రోజు. పనే లేని ఒడ్డు మీద మనిషి పనిచేస్తూ ఎలా చనిపోతాడమ్మా అని కంపెనీ వకీలు పోయినసారి ఎంతో నెమ్మదిగా, మర్యాదగా అడిగాడు. వాళ్ళ లెక్కలో లింగం ఇంట్లోనే, గుండె ఆగి, తన చాప మీద తాను పోయాడు.

తన చాప మీద. ఆ పది రాత్రులూ ఆయన చాప మీద పడుకోనే లేదు, ఒంటి మడ్డి చాపకు అంటుతుందని పాత చీర పరుచుకుని గడప దగ్గర పడుకునేవాడు. మొదటిరోజు సాయంత్రం మోకాళ్ళ దాకా నల్లగా వచ్చి గుమ్మంలో నిలబడితే ఎవరో అనుకుంది. అప్పటికి మూడు వారాలుగా సాంచెలు బందు, మగ్గాల చప్పుడు లేక బమ్రోలి గల్లీలో పక్కింటివాళ్ళ దగ్గు కూడా వినబడేది. కూలీలను పనికి పెట్టే ఠేకేదారు టెంపో తెచ్చి డుమస్‌లో పనుంది ఎవరొస్తారంటే లింగం, ఆయన దోస్తు నర్సింగం అందరికంటే ముందు ఎక్కారు. "ఏందీ, సముద్రంల బర్రెలు కడగబోయినవా" అని నవ్వింది తను. కిరసనాయిలు గుడ్డతో ఆయన పిక్కలు తుడుస్తూ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు ముడుచుకుపోతుంది. "నవ్వకు. ఆడ ఇసుకనే నలుపు. మడ్డి ఏదో, ఇసుక ఏదో కంటికి దొర్కది. కాలుకు తెలుస్తది, అతుక్కుంటది గద" అన్నాడాయన ఒంటికాలి మీద నిలబడి ఆమె భుజం పట్టుకుని. ఆ ఇసుక నలుపని ఆమెకు తెలుసు. పెళ్ళయి సూరత్ వచ్చిన మొదటి ఏడు ఒక ఆదివారం ఆయన ఆమెను డుమస్ తీసుకుపోయాడు, టమాట భజియాలు తిన్నారు, నోరు కాలింది, చీకటి పడ్డాక నీళ్ళ మీద దూరంగా దీపాలు కనబడితే అవతల ఊళ్ళున్నాయనుకుంది. ఓడలే పిచ్చిదానా అన్నాడు. ఓడలో మనుషులుంటారా, వండుకుంటారా, అన్నీ అడిగింది. వాటి కడుపులో ఏముంటుందని మాత్రం అడగలేదు.

రెండూ ఇరవై. మెట్ల మీద అడుగులు, ఎవరో గుమాస్తా, చేతిలో తడి గొడుగు. పాటు వేళ సముద్రం వెనక్కి పోతుందట డుమస్‌లో, మనిషి కంటికి ఆనకుండా పోతుందట, ఆ బురదలోకి దిగి వీళ్ళు పారలతో మడ్డి ఎత్తి పీపాలు నింపేవారు, మళ్ళీ నీళ్ళు వచ్చేవేళకు ఒడ్డెక్కేవారు. పొద్దున్న సాఫు చేసినచోటే సాయంత్రానికి మళ్ళీ అంతే ఉండేది. "మోసుకొచ్చి ఇస్తది వినోదా. పనికి ఢోకాలేదు" అన్నాడు రెండో రోజు, సంబరంగానే అన్నాడు. ఐదో రోజున, అంటే వాళ్ళు పనే లేదన్న రోజున, తలకు గుడ్డ బిగించి కట్టమన్నాడు. ఆ మర్నాడు కక్కుకున్నాడు. చాయ్ కూడా మడ్డి వాసనే వస్తోందని గ్లాసు పక్కకు పెట్టింది ఏ రోజు, ఏడా, ఎనిమిదా? మూతికి కట్టుకునేవి ఇమ్మని అడిగితే, కొంచెం నూనె ఒలికినదానికి అవన్నీ ఎందుకన్నారట. తొమ్మిదో రోజు ఆమే అంది, ఇయ్యాల పోకు, పండుకో అని. అంది కదా? అన్నదనే గుర్తు. గట్టిగా అన్నదో, గిన్నె తోముకుంటూ అన్నదో. గట్టిగా అని ఉంటే ఆగేవాడు, ఆయన ఆమె మాట వినని మనిషి కాడు.

తలుపు తెరుచుకుని మౌక్తిక మేడం బయటికొచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, కళ్ళ కింద నల్లగా, భుజానికి ఎప్పుడూ ఆ బరువు సంచీ. రాజమండ్రి వైపు మనిషి, ఇక్కడ కాలేజీలో సముద్రపు చదువు చెబుతుంది, పైనుంచి ఉపగ్రహం తీసిన ఫోటో చూసి మూడు వందల ఇరవై అని మొదట చెప్పింది ఆమే. చెప్పినందుకు కాలేజీలో పైవాళ్ళు ముఖం చాటేస్తున్నారని వినోదకు తెలుసు, మేడం చెప్పలేదు, తన తరఫు వకీలు చెప్పాడు. "మీ నర్సింగం గారు వచ్చారా వినోద గారూ?" అంది పక్కన కూర్చుంటూ. "వస్తడు మేడం." లోపల ఇంకా రంగుల దగ్గరే వాదన నడుస్తోందట. రంగులంటే వినోదకు అర్థమైంది. ఏప్రిల్‌లో మేడం మొదటిసారి బమ్రోలి గదికి వచ్చినప్పుడు స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోయించి ఒక చుక్క ఆముదం వేసి చూపించింది, ఇదిగో ఇలా పరుచుకుంటుందండీ, పల్చగా ఉన్నచోట ఇంద్రధనుస్సులా మెరుస్తుంది, మందంగా ఉన్నచోట ముదురుగా ఉంటుంది, ఎంత మేర ఏ రంగుందో చూసి ఎంత పడిందో చెప్పొచ్చు అంది. కంపెనీ వాళ్ళేమో ఫోటోలో ఆ ముదురు రంగు మబ్బుల నీడంటారు. పీపాలు లెక్కపెట్టండంటే, పీపాల్లో సగానికి పైగా ఇసుకా నీళ్ళే కదా అంటారు. ఒడ్డు చూడండంటే ఆ ఇసుకే నలుపు కదా అంటారు. ఏదీ అబద్ధం కాదండీ, అదే బాధ అంది మేడం ఒకసారి. ఆ రోజు ఆమె వెళ్ళాక వినోద పళ్ళెంలోని నీళ్ళు మోరీలో పారబోసి, పళ్ళేన్ని ఎంతసేపు తోమిందో. పోయేముందు గుమ్మంలో నిలబడి మేడం ఒక మాట అడిగింది. ఆఖరు రోజుల్లో ఆయన కట్టుకున్న గుడ్డ గానీ, చెప్పు గానీ ఏమైనా ఉందా, ఆవగింజంత మడ్డి ఉన్నా చాలు, ఒక్కో ఓడ చమురుకు ఒక్కో గుణం ఉంటుంది, పరీక్ష చేస్తే ఇదే ఓడదని తేలిపోతుంది. లేదు మేడం అంది వినోద. లేని మాట నిజమే.

ఆవగింజంత చాలు. ఇన్ని నెలలైనా ఆ మాట దగ్గరే కాలు తట్టుకుంటుంది. పదకొండో రోజు ఆయన్ను ఠేకేదారు మనుషులు టెంపోలో తెచ్చి గల్లీ మొదట్లో దింపారు, నర్సింగం భుజాల దగ్గర పట్టుకున్నాడు, కొత్త లుంగీ, కొత్త బనీను, చేతులూ కాళ్ళూ డీజిల్‌తో తోమేశారు, పది రోజుల్లో ఎన్నడూ లేనంత తెల్లగా ఉన్నాడు. పనికి రాలేదమ్మా, దోస్తును కలవనీకి వచ్చి పడిపోయిండు అని వాళ్ళు చెబుతుంటే నర్సింగం నేలచూపులు చూశాడు, ఇంట్లోనే పోయాడన్నది తర్వాత పుట్టించిన మాట. ఊళ్ళో అయితే పెద్దవాళ్ళు ముందుండి అన్నీ చేసేవారు, ఇక్కడ నర్సింగం భార్య జమున నీళ్ళు పోస్తుంటే వినోదే స్నానం చేయించింది. మెడ కింద చేయి పెట్టి తల కొంచెం పక్కకు తిప్పింది. కుడి చెవి వెనక, చెవి మడత కలిసే చోట, నల్లగా. వాళ్ళ గుడ్డ అక్కడిదాకా పోలేదు. వేలితో తీస్తే రాలేదు. కొబ్బరినూనె అడిగి తెప్పించుకుని అద్దింది, కొంగు చివరతో తుడిచింది, ఇంత కూడా మిగలకుండా తుడిచింది, ఇన్నాళ్ళూ తుడిచిన చెయ్యి తుడవక ఏం చేస్తుంది, ఆ మడ్డితో ఆయన్ను పంపాలా? కొంగు కూడా ఉతికేసింది. ఆ సంగతి మేడంకు చెప్పలేదు. వకీలుకు చెప్పలేదు. జమునకు కూడా అప్పుడు తను ఏం తుడుస్తున్నదో తెలియదు.

రెండూ నలభైకి నర్సింగానికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్. ఏదో ఒకటి, ఛార్జింగు అయిపోయి ఉండొచ్చు, వానలో బస్సు చిక్కుకుని ఉండొచ్చు, పర్వత్ పాటియా నుంచి రావాలి కదా, ఇప్పుడు అక్కడ చీరల గోదాములో చేస్తున్నాడు. ఆ పని ఇప్పించింది ఆ ఠేకేదారే. అది తెలిసినా ఇన్నాళ్ళూ తెలియనట్టే ఉంది ఆమె, తెలిస్తే ఆశ పోతుందని. పదకొండో రోజున ఆ ఒడ్డున లింగం ఉన్నాడని చెప్పగలిగిన మనిషి భూమి మీద అతనొక్కడే. మిగతావాళ్ళు ఒరిస్సావాళ్ళు, ఎటు పోయారో.

అప్పుడు ఆమె వకీలు వచ్చాడు. సన్నటి గుజరాతీ మనిషి, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉంటాడు, వానలో కూడా. బెహన్, ఒక కష్టం వచ్చింది అన్నాడు హిందీలో. కంపెనీ వాళ్ళు ఇవాళ ఒక కొత్త కాగితం పెట్టారట. నాలుగో రోజు సాయంత్రానికి ఒడ్డు శుభ్రమైంది, పని ముగిసింది, పారలూ పీపాలూ అప్పగించాం అని గుజరాతీలో రాసి ఉందట. కింద కూలీల తరఫున సంతకం. లింగం సంతకం. వకీలు గొంతు తగ్గించాడు. ఆ సంతకం మా ఆయనది కాదు అంటే చాలు, తెలుగు అక్షరాలు, ఇక్కడ సరిచూసేవాళ్ళెవరూ లేరు, వాళ్ళ దగ్గర వేరే సంతకమూ లేదు. వినోద మేడం వైపు చూసింది. మేడం కిటికీలోంచి వానను చూస్తోంది. "అలా చెప్పమని నేను అననండి" అంది అటు చూస్తూనే. చెప్పొద్దని కూడా అనలేదు.

నాలుగో రోజు. ఆ రోజు ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. అవును, ఆ రోజే, కాళ్ళు తుడిపించుకుంటూ ఆగలేకపోయాడు. "నాతోని దస్కత్ పెట్టించిండ్రు ఎర్కేనా? అందర్ల నన్నే పిలిచిండ్రు. వేలిముద్ర కాదు, దస్కత్." హిందీ బాగా వస్తుందని ఎనిమిదిమంది ముఠాకు ఆయన్ను పెద్ద చేశారు. ఏం రాసి ఉందంట అని అడిగింది తను. "రేపటికెళ్లి మళ్ల రమ్మని. పని పొడిగిచ్చిండ్రట." పద్ధెనిమిదేళ్ళు సూరత్‌లో ఉండీ గుజరాతీ అక్షరం చదవలేడు, సాంచె మీద నూలు తెగితే చీకట్లో వేలితో వెతికి పట్టుకునేవాడు గానీ గోడ మీద రాత పట్టుకోలేడు. వాళ్ళు నమ్మించారు, ఈయన నమ్మాడు, మర్నాడు పొద్దున్న టెంపో నిజంగానే వచ్చింది కూడా. పని అయిపోయిందని తనే సంతకం పెట్టి, ఆ తర్వాత ఇంకో ఏడు రోజులు అదే పనికి వెళ్ళాడు. కాదంటే సరిపోతుందట. ఒక్క మాట. ఐదో రోజు నుంచీ ఆయన లేడని వాళ్ళంటున్నారు, ఇప్పుడు నాలుగో రోజున ఆ పెన్ను పట్టుకున్న చేయి కూడా ఆయనది కాదని తను అనాలి. అంటే తప్పేముంది, వాళ్ళు చేసిందాని ముందు ఇదెంత. అంటే మూడు వందల ఇరవై నిలబడుతుంది, మేడం కళ్ళ కింద ఆ నలుపు పోతుంది, ఆయన ఒడ్డు మీదే పోయాడని కాగితంలో పడుతుంది. అంటాను. అనాలి. మూడు కొట్టింది. మెట్లు ఖాళీ. లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు, వినోదా బెన్ అని.

పొడవాటి బల్ల, అవతల ముగ్గురు, మధ్యలో కూర్చున్న పెద్దాయన ముఖం మంచి ముఖంలాగే ఉంది. కూర్చోమన్నాడు, నీళ్ళు ఇప్పించాడు. కాగితం ఆమె ముందుకు జరిపారు. పైనుంచి కిందికి గుజరాతీ, చీమలు పాకినట్టు. అన్నిటికంటే కింద, ఒక మూల, లింగం. ఆయన సున్న ఎప్పుడూ పెద్దగా పెడతాడు, అక్షరం కంటే పెద్దగా, గాజులాగా గుండ్రంగా, నాలుగో తరగతిలో పంతులు కొట్టి నేర్పినా మారలేదట. ఇంట్లో ఆయన రాసింది ఒక్క ముక్క లేదు. ఐదు నెలల్లో ఆమె చూసిన లింగం ఇదే. పెన్ను గట్టిగా నొక్కినట్టున్నాడు, కాగితం వెనక్కి ఉబ్బి ఉంది, వేలికి తగులుతోంది.

"ఇది మీ ఆయన సంతకమేనా?"

తన వకీలు చూస్తున్నాడని తెలుసు. నోరు తెరిచింది. కాదు అనే మాట నాలుక మీదే ఉంది.

"ఆయనదే" అంది.

వకీలు చేతిలో రుమాలు ఆగిపోయింది. కంపెనీ వకీలు ఏదో రాసుకున్నాడు. వినోద వచ్చిన హిందీలో, మధ్యమధ్య తెలుగు పడుతూ, ఆగకుండా చెప్పింది, దస్కత్ ఆయనది, పైన రాసింది ఆయనది కాదు, ఆయనకు గుజరాతీ చదవరాదు, నంబరు చూసి బస్సెక్కుతాడు, రేపు కూడా రమ్మని రాశామని చెప్పి పెట్టించుకున్నారు. పెద్దాయన ఓపికగా విన్నాడు. అలా చెప్పారని మీకెలా తెలుసమ్మా? ఆయనే చెప్పాడు. మీరు ఒడ్డు మీద ఉన్నారా? లేను. మరి పదకొండో రోజున ఆయన అక్కడ పని చేశాడని ఎలా అంటారు? అప్పుడు చెప్పింది. చెవి వెనక నల్లగా ఉందని, తన చేత్తో చూశానని. ముగ్గురూ తలెత్తారు. ఆ మడ్డి ఎక్కడుంది? "తుడిచేసిన. నేనే తుడిచేసిన సాబ్, కొబ్బరినూనె పెట్టి." ఎంత ఉండింది అన్నాడు ఆయన, అడగాలి కాబట్టి అడిగినట్టు. వినోద చిటికెన వేలి కొన చూపించింది. టైపు చేస్తున్న గుమాస్తా దాన్ని ఏమని కొట్టాలో తెలియక పెద్దాయన ముఖం చూశాడు. సంతకం భర్తదేనని ఒప్పుకున్నారు అని రాయించాడాయన. తర్వాతి మనిషిని పిలిచారు.

మెట్లు దిగుతూ వకీలు, ఇక నలభై అనే రాస్తారు అన్నాడు, కోపంగా కాదు, అలిసిపోయి. మూడు వందల ఇరవైని చివర్లో ఒక కాగితంగా జతచేస్తారట, ఎవరైనా వెతుక్కుని చదివితే ఉంటుంది. మేడం కింద మెట్టు దగ్గర ఆగి, సంచీ నేలమీద పెట్టి వినోద రెండు చేతులూ పట్టుకుంది. వినోదకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మీరు ఆవగింజంత చాలన్నరు మేడం, నేను చెప్పలే" అంది. "తుడవకుండా ఎలా ఉంటారండీ" అంది మేడం. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ముందు ఏడ్చింది మేడమే.

గేటు బయట చాయ్ బండి మీద కట్టిన నీలం పట్టా కింద నర్సింగం నిలబడి ఉన్నాడు. తాగని చాయ్ చేతిలోనే ఉంది. వినోదను చూసి గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "రెండింటి నుంచి ఈడనే ఉన్న వదినా. ఠేకేదారు మనిషి పైకి పోయిండు, నేను చూసిన. కాళ్ళు రాలే నాకు. పిల్లలున్నరు వదినా." గంట నుంచి అతన్ని అనడానికి ఆమె లోపల ఎన్ని మాటలు కూడబెట్టుకుందో, వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. అతని చేతులు చూసింది. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. పదకొండో రోజు పొద్దున తను ఆయనకు అన్నం, పప్పు కట్టి ఇచ్చింది, ఆ డబ్బా తిరిగి రాలేదు. ఎవరినీ అడగలేదు.

"ఆ దినం మీ అన్న పగటీలి అన్నం తిన్నడా?" అంది.

నర్సింగం మొదట అర్థం కానట్టు చూశాడు. "అన్న చేతులకున్న మడ్డి పోలే వదినా. ఎంత తోమినా పోలే. నేను పీపాలకాడ ఉంటిగద, నా చెయ్యి జర సాఫున్నది. నేనే పెట్టిన."

"నువ్వు పెట్టినవా?"

"నోట్లె పెట్టిన. కట్ట మీద కూసొని నీళ్ళ దిక్కు చూసుకుంట తిన్నడు. పప్పు మంచిగున్నదన్నడు."

"ఎన్ని ముద్దలు?"

"నాలుగో, అయిదో."

"నాలుగా, అయిదా? జర యాది చేసుకొని చెప్పు."

అతను వానలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, పెదవులు కదిలాయి. నిజంగానే లెక్కపెట్టుకుంటున్నాడు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటున్నాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

"అయిదు" అన్నాడు.

ఒకటి తనకోసం కలిపాడని వినోదకు తెలిసింది.

"అయిదు" అని తనూ అంది, కొంగు నెత్తిన కప్పుకుని బస్సు కోసం రోడ్డు దాటింది.